పిడి కింది ఎర్ర అక్షరాలు

తుప్పు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది మా అమ్మ నుంచి వచ్చిన జబ్బు. తెనాలి దగ్గర మా ఇంట్లో దసరా వస్తోందంటే కత్తిపీట, పార, గునపం, ఆఖరికి నాన్న సైకిల్ రెంచీ కూడా చింతపండు పెట్టి తోమాల్సిందే. నిగనిగలాడితే తప్ప అమ్మవారి ముందు పెట్టనిచ్చేది కాదు. లీడ్స్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇంగ్లిష్ మారింది, జుట్టు మారింది, ఈ జబ్బు మాత్రం అలాగే ఉంది. ఇది ఆ జబ్బు చేసిన పని గురించి. ఇందులో ఎవరి పేరూ రాయను. రాసే మొహం నాకు లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా పక్కింట్లో ఎనభై నాలుగేళ్ళ ఇంగ్లిష్ ఆవిడ ఒక్కతే ఉంటుంది. మా ఇంట్లో ఆవిణ్ణి మామ్మగారనే అంటాం. ఎదురుగా కాదు లెండి, మాలో మేం. నా కూతురు పుట్టినప్పుడు అల్లిన టోపీ తెచ్చిచ్చింది మొదలు, మా రెండిళ్ళ మధ్య గోడ పేరుకే ఉంది. ఆవిడ చెత్త బిన్‌లు బయట పెట్టేది నేను. మా పార్సిళ్ళు తీసుకునేది ఆవిడ. నేను చేసే పులిహోర తిని, నీళ్ళు తాగి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ పెట్టించుకునేది.

పోయిన సెప్టెంబరు చివర్లో ఆవిడకి తుంటి ఆపరేషన్ తేదీ వచ్చింది. ఆసుపత్రి, ఆ తరువాత కొడుకు ఇంట్లో విశ్రాంతి, అంతా కలిపి ఆరు వారాలు. వెళ్ళే ముందు రోజు దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువుని రెండు చేతుల మీదా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఇది మా నాన్నది కాదు, లవ్. మా నాన్న దగ్గర ఉండిపోయింది," అంది. లవ్ అనేది ఇక్కడి పెద్దవాళ్ళు అందర్నీ పిలిచే పిలుపు.

దుప్పటి తీస్తే కత్తి. జపాన్ కత్తి. యుద్ధం అయిపోయాక బర్మాలో లొంగిపోయిన ఒక జపాన్ ఆఫీసరు తన కత్తిని వాళ్ళ నాన్న చేతుల్లో పెట్టాడట. వాళ్ళ నాన్న పోయేముందు, దీన్ని దాని ఇంటికి చేర్చమని కూతురు దగ్గర మాట తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఇవాళ రేపు అనుకుంటూ గడిచిపోయాయి. ఇప్పుడు ఆపరేషన్ అనేసరికి ఆవిడకి భయం పట్టుకుంది. పాత ఆయుధాలు తెలిసిన ఒకాయన్ని వెతికి పట్టుకుంది. ఆవిడ తిరిగి రాగానే ఆయన వచ్చి చూస్తాడు, ఆ తరువాత కత్తి జపాన్ వెళ్ళిపోతుంది.

"అందాకా నీ దగ్గర ఉంచు. కత్తి అలుగుకి తడి తగలనివ్వకు. దాని మీద వేలు పెట్టకు, చేతి చెమటకి పాడవుతుంది," అంది. నేను అమ్మవారి మీద ఒట్టు వేసినంత గట్టిగా సరేనన్నాను. ఆవిడ చెప్పిన రెండు మాటలూ అక్షరాలా పాటించాను కూడా. అదే కదా నా బాధ.

నా కూతురికి పదిహేనేళ్ళు. కత్తి చూసి ఎగిరి గంతేసింది. "మమ్, ఇట్స్ ఎ రియల్ సామురాయ్ సోర్డ్!" అంటూ ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ మాకు పాఠం చెప్పింది. సామురాయ్‌లు మాట తప్పరట. యజమాని కోసం ప్రాణాలిస్తారట. యుద్ధానికి ముందు పద్యాలు రాసుకుంటారట. పరువు పోతే బతకరట. దానికి తెలిసిందంతా కార్టూన్ల నుంచీ వీడియో గేముల నుంచీ వచ్చిందే.

"అంత మంచివాళ్ళయితే మరి కత్తి దేనికే, కూరగాయలు తరగడానికా?" అన్నాడు మా ఆయన. అది అలిగి కంచం తీసుకుని సోఫాలోకి వెళ్ళిపోయింది.

మూడు వారాలకి దసరా. ఇక్కడ మా ఆయుధపూజ ఎలా ఉంటుందో చెప్పాలి. మా ఆయన డ్రిల్లు, స్పానర్లు, రెండు లాప్‌టాప్‌లు, వంటింటి కత్తులు, పిల్ల హాకీ స్టిక్కు, వీధిలో కారు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. జమ్మిచెట్టు లేదు కాబట్టి శమీ శ్లోకం చీటీ మీద రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి, అమ్మవారి పటం దగ్గర పెడతాం. అలాంటి రోజున ఇంట్లో నిజమైన ఆయుధం ఉంటే దుప్పట్లో చుట్టి అలమరలో పెట్టుకుంటానా? పైగా అది ఇంటికి వెళ్ళబోతోంది. పుట్టింటికి పంపే పిల్లకి తలంటి పోసి పంపుతాం గాని, మాసిన బట్టలతో పంపుతామా?

అలుగు శుభ్రంగానే ఉంది, నేను ముట్టలేదు. పిడే జిడ్డు కారుతూ ముక్కిపోయిన వాసన కొడుతోంది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ యంత్రం కనిపించినా విప్పి చూడాలన్న దురద ఆయనది.

"ఈ వెదురు మేకు కొడితే పిడి ఊడొస్తుందే," అన్నాడు.

"అయితే కొట్టండి, ఇంకా చూస్తారేం?"

ఊడొచ్చింది. పిడిలో దూరి ఉండే ఇనుప తోక బయటపడింది. ఛీ, ఎంత తుప్పు! నల్లగా, మందంగా, గరుగ్గా. ఒకవైపు ఆ నలుపులో సన్నగా బంగారు గీతలు మెరుస్తున్నాయి. రెండోవైపు ఎర్రటి మరకలు, పెచ్చులూడి, పైనుంచి కిందికి. పాత పెయింటు అనుకున్నాను.

"మమ్, లీవ్ ఇట్. ఇట్స్ ఓల్డ్," అంది పిల్ల.

"ఓల్డ్ అయితే మురిగ్గా ఉండాలా, నీ గదిలాగా?" అన్నాను. అక్కడితో అది నోరు మూసుకుంది.

అలుగుకి ప్లాస్టిక్ చుట్టి, తోకని మాత్రం చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి నానబెట్టాను. తరువాత స్టీలు పీచు తీసుకుని గంటసేపు తోమాను. ఎర్ర మరకలు ముందే పోయాయి, రెండు రుద్దులకే. నలుపు మొండిది, భుజాలు పీకేశాయి. చివరికి వెండిలా తెల్లబడింది. మొదటివైపు బంగారు గీతలు అక్షరాలై తళతళలాడాయి. తుడిచి, ఆరబెట్టి, ఫోటో తీసి చెల్లెళ్ళ గ్రూపులో పెట్టాను. అమ్మ వీడియో కాల్‌లో చూసి "అదీ తోమడమంటే!" అంది. ఆ మెప్పుకి రెండు రోజులు గాల్లో తేలాను.

పూజలో ఆ తోకకి పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ పెట్టాను. అందులో ఒక బొట్టు సరిగ్గా బంగారు అక్షరాల మీద పెట్టాను, అక్షరం అంటే సరస్వతి కదా అని. చీటీలో మా ముగ్గురి పేర్లూ, అమ్మావాళ్ళ పేర్లూ రాసి, తుంటి తొందరగా నయం కావాలని మామ్మగారి పేరు కూడా చేర్చాను. ఆ చీటీని కత్తి కిందే పెట్టాను. పిల్ల వంగి ఆ తోకకి వేళ్ళు తాకించి కళ్ళకద్దుకుంది. ఎప్పుడూ చెప్పకుండా చేసే రకం కాదు అది, ఆ రోజు చేసింది. పూజయ్యాక బొట్లు తుడిచేశాను, మా ఆయన పిడి మళ్ళీ బిగించాడు.

నవంబరులో మామ్మగారు వాకర్ పట్టుకుని ఇంటికొచ్చింది. మరుసటి శనివారం ఆ నిపుణుడు వచ్చాడు. అరవై దాటినాయన, జపాన్‌లో పుట్టి ఇక్కడే స్థిరపడ్డాడు. నెమ్మదిగా, మెత్తగా మాట్లాడతాడు. నేనూ పిల్లా కత్తిని పట్టుకెళ్ళి మామ్మగారి భోజనాల బల్ల మీద పెట్టాం. ఆయన ముందు కత్తికి తలవంచి నమస్కారం పెట్టాడు. అది చూసి నాకు ఒళ్ళు పులకరించింది. చూశావా, మనలాగే, అన్నట్టు పిల్లకేసి చూశాను.

ఒర లోంచి తీసి, అలుగుని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "బాగా దాచారు," అన్నాడు. మామ్మగారి మొహం వికసించింది. ఆయన చిన్న సుత్తి తీసి వెదురు మేకు తట్టాడు. పిడి లాగాడు. నేను మెప్పు కోసం కాచుక్కూర్చున్నాను.

ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే!" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కత్తిని గుడ్డ మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. అలుగుని ఎన్ని తరాలు సానబట్టినా, పిడిలోపలి తోకని మాత్రం ఎవరూ ముట్టరట. చేయి తిరిగిన సానవాళ్ళు కూడా ఆ తుప్పు జోలికి పోరు. ఆ తుప్పు రంగు చూసే కత్తి వయసు చెబుతారు. మూడు నాలుగు వందల ఏళ్ళుగా పేరుకున్నది అది.

నేను గంటలో తోమేశాను.

అప్పటికి ఇంకా నాకు పూర్తిగా ఎక్కలేదు. వయసు తెలియకపోతే పోయె, కత్తి ఉంది కదా అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. అప్పుడు మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని వంగింది. "ఎర్ర అక్షరాలు ఏవి?" అంది. కత్తిని ఇటు తిప్పించింది, అటు తిప్పించింది. "ఇక్కడ ఎర్ర అక్షరాలు ఉండాలి. ఆ ఆఫీసరు చూపించాడని నాన్న చెప్పాడు. వాళ్ళ ఇంటిపేరు, ఊరు. అది చదవడానికే కదా మిమ్మల్ని పిలిచింది?"

ఆయన నా వైపు చూశాడు.

రెండు రుద్దులు. రెండే రెండు రుద్దులకి పోయాయి అవి. చింతపండు పిప్పితో కలిసి మా సింకులోంచి పోయాయి. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "షీ డిడ్న్ట్ నో," అంది చిన్నగా, అందరితోనూ.

బంగారు అక్షరాల్లో ఏముందని కూడా పిల్లే అడిగింది. అందులో ఏదైనా పేరు ఉండొచ్చని దాని ఆశ. నాదీ అదే ఆశ. ఆయన పిల్లని చూసి, నన్ను చూసి, చెప్పనా అన్నట్టు ఆగాడు. నేను తలూపాను.

"రెండు మొండేలు. ఒక్క వేటు," అన్నాడు.

కొత్త కత్తి పదును తెలియాలంటే దాంతో మనుషుల్ని నరికి చూసేవారట. మరణశిక్ష పడ్డవాళ్ళ శవాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి. ఆ పని చేయడానికి చేయి తిరిగినవాళ్ళు ఉండేవారట. ఎన్ని మొండేలు తెగాయో తోక మీద బంగారంతో పొదిగేవారు, పక్కనే పరీక్ష చేసినవాడి పేరు. ఆ పేరు ఇక్కడ చక్కగా కనిపిస్తోందని వేలితో చూపించాడు.

"ఆ ఇద్దరి పేర్లు?" అంది పిల్ల.

"వాళ్ళవి రాయరు," అన్నాడు.

ఓరి భగవంతుడా, దాని మీద కుంకుమ పెట్టాను నేను! నా బిడ్డ కళ్ళకద్దుకుంది! నా ఉద్యోగం కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగే. ఇరవై ఏళ్ళుగా పాస్, ఫెయిల్ అని రాస్తున్నాను. ఆఫీసులో బ్యాకప్ లేకుండా ఒక్క ఫైలు ముట్టను. ముట్టినవాళ్ళని నిలబెట్టి కడిగేస్తాను. ఇంట్లో మాత్రం తోమే ముందు ఒక్క ఫోటో తీయలేదు. తోమాక తీశాను, గొప్పకి.

పిల్ల ఏడుస్తోంది. దాన్ని ఊరుకోబెట్టడానికే కాబోలు ఆయన ఇంకా చెప్పాడు. సామురాయ్‌లలో చాలామంది తమ కత్తిని జీవితంలో ఒక్కసారీ దూయలేదట. దేశంలో యుద్ధాలు ఆగిపోయి రెండు వందల ఏళ్ళ పైన గడిచాయి, ఆ కాలమంతా వాళ్ళు శిస్తు ధాన్యం లెక్కలు రాసుకునే గుమాస్తాలు. తరువాత కొత్త ప్రభుత్వం వచ్చి కత్తి కట్టుకోవడమే నిషేధించింది. కత్తులు పెట్టెల్లోకి పోయాయి. మళ్ళీ యుద్ధం వచ్చేసరికి మనవలు వాటిని బయటికి తీసి సైన్యంలోకి పట్టుకెళ్ళారు. "మా ముత్తాత కూడా ఆ వంశమే. పోస్టాఫీసులో పనిచేసేవాడు," అన్నాడు. పిల్ల వినలేదనుకుంటాను. ఆ రాత్రే తన గది గోడ మీది సామురాయ్ పోస్టర్ పీకేసింది.

నిపుణుడు వెళ్ళిపోయాక మామ్మగారు అంది. "మా నాన్న ఏటా ఒకసారి విప్పి నూనె రాసేవాడు. ఆ ఎరుపు మీద వేలు కూడా పడనిచ్చేవాడు కాదు. నువ్వు ఒక్క మాట ఫోన్ చేసి అడగాల్సింది."

"తప్పయిపోయింది," అన్నాను.

"ఇంటికెళ్ళు, లవ్," అంది. ఆ లవ్‌లో ప్రేమ లేదు.

నాలుగు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. బుధవారం బిన్ బయట పెడదామని వెళ్తే, వాకర్‌తోనే ఎలా లాక్కొచ్చిందో, బిన్ అప్పటికే గేటు దగ్గర ఉంది. అది చూసి నేను ఏడ్చినంత, మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. "తెలియక చేశావు, వదిలెయ్," అన్నాడు మా ఆయన. "తెలియకపోతే అడగాలిగా! మేకు కొట్టింది మీరు కాదూ?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయన లేచి ఫోన్లన్నీ తెచ్చాడు. ముగ్గురి ఫోన్లూ వెతికాం. తోమకముందు ఫోటో ఒక్కటీ లేదు. జపాన్‌లో ఆ ఆఫీసరు ఇంట్లో ఇంకా ఎవరో ఎదురుచూస్తున్నారేమో. తాత తెచ్చుకోలేని కత్తి ఎక్కడుందో అనుకుంటున్నారేమో. వాళ్ళ అడ్రసు నా సింకులోంచి పోయింది. అన్నం సహించలేదు నాకు.

ఐదో రోజు సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. మామ్మగారు. చేతిలో కవరు, కవరు వెనకాల ఎర్ర బాల్‌పెన్‌తో గీసిన బొమ్మలు. నాలుగు రోజులుగా ఆవిడ చేసిన పని అదట. ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న కత్తికి నూనె రాస్తుంటే మోచేయి కిందనుంచి తొంగి చూసేది. అప్పుడు చూసిన అక్షరాల్ని గుర్తు తెచ్చుకుని గీయడానికి ప్రయత్నించింది. గీసి, కొట్టేసి, మళ్ళీ గీసింది. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంది. ఒక పెట్టె, మధ్యలో ప్లస్ గుర్తు. "కిటికీ అనుకునేదాన్ని," అంది.

అప్పటికప్పుడు ఫోటో తీసి నిపుణుడికి పంపి, ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. మామ్మగారు కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంది.

"ఇది అక్షరమే. వరి మడి అని అర్థం," అన్నాడాయన.

"మడి!" అని అరిచాడు మా ఆయన. కృష్ణా డెల్టాలో పుట్టినవాడు, మడి బొమ్మ ఆయనకి ఎవరు చెప్పాలి? నేనూ కుర్చీలోంచి లేచాను. దొరికింది, దొరికింది అనుకున్నాను.

"మిగతా అక్షరాలు?" అన్నాడు నిపుణుడు.

మామ్మగారు తల అడ్డంగా ఊపింది. లేవని చెప్పాను.

"మా దేశంలో ఏ వీధికి వెళ్ళినా ఈ అక్షరం ఉన్న ఇంటిపేరు ఉంటుందండీ. నా ఇంటిపేరులోనే ఉంది," అన్నాడు.

మామ్మగారు కవరు మడిచి చేతి సంచీలో పెట్టుకుంది. ఇక కత్తి ఇంటికి వెళ్ళదని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది, తీయలేదు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

ఇలాంటి కత్తుల్ని భద్రపరిచే ఒక చోటు ఉందని, అక్కడ ఉంటే ఎప్పటికైనా ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చని నిపుణుడు చెప్పాడు. జనవరిలో ఆయన కాగితాలు తెచ్చాడు. మా వంటింటి బల్ల దగ్గరే కూర్చుని నింపాం. ఎక్కడ దొరికింది, ఎవరు ఇస్తున్నారు, కొలతలు. చివర్లో ఒక గడి. వస్తువుకి జరిగిన నష్టం, దానికి కారణం. ఆయన కలం ఆపి మామ్మగారి వైపు చూశాడు. ఆవిడ కలం తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. 'పొరుగింటివారు ప్రార్థన కోసం శుభ్రం చేశారు.'

రాసి నావైపు కాగితం తిప్పింది, చాలా అన్నట్టు. ఎంత దయగా రాసింది! అలా వదిలేస్తే ఎవరూ నన్ను వేలెత్తి చూపరు. ఆ కాగితం చదివినవాళ్ళు పోనీలే, భక్తి అనుకుంటారు.

"కలం ఇలా ఇవ్వండి," అన్నాను.

ఆవిడ రాసిన దాని కింద రాశాను. 'ఇక్కడ ఒక ఇంటిపేరు ఎర్రటి అక్షరాలతో ఉండేది. అది ఏమిటో చూడకుండా నేను తోమేశాను.'

కింద సంతకం చేసి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఎవరిని నిలదీయాలో తెలియాలని, నా ఇంటిపేరూ పేరూ ఊరూ పూర్తిగా రాశాను.